పదిహేడో అధ్యాయం తర్వాత

జూన్ 14, శనివారం

ఆయన మాట్లాడాడు.

రాసుకుంటే తప్ప నమ్మకం కుదిరేలా లేదు. అందుకే నా పాత అటెండెన్సు రిజిస్టరులో ఖాళీ పేజీలు తీశాను. మార్చి పదో తేదీన పక్షవాతం వచ్చాక మా ఆయన దేవసహాయం నోట వచ్చిన మాటలు రెండే. ఊఁ, నీళ్లు. కర్నూలు ఆసుపత్రిలో నలభై రోజులు, నంద్యాలలో మా ఇంట్లో రెండు నెలలు. మాట పూర్తిగా పోలేదు, దాన్ని బయటికి లాగాలి, ఏదైనా చదివి వినిపిస్తూ ఉండండి అని డాక్టరమ్మ చెప్పింది. మొదట బైబిలు చదివాను. కళ్లు మూసుకుని విని నిద్రపోయేవాడు. పేపరు చదివాను. అప్పుడూ నిద్రే. చివరికి ఆయన ఫోనే తీశాను.

ముప్పై ఏళ్లు కండక్టరుగా చేసిన మనిషి. బస్సు ఆళ్లగడ్డలోనో ప్యాపిలిలోనో ఆగినప్పుడు చదువుకోవడానికి 'పుస్తకసంచి' అనే యాప్‌లో పుస్తకాలు కొనేవాడు. డెబ్బై నాలుగున్నాయి. ఆఖరున కొన్నది 'ఎనిమిదో ఉలి'. రాసింది ఎవరో ఆళ్లగడ్డ జనార్దనం. విగ్రహాలు చెక్కే నరసన్న కథ. ఆయన సగంలో ఆపినట్టుంది. నేను మొదటి నుంచి పట్టుకుని రోజుకో అధ్యాయం చదువుతున్నాను.

ఈ రోజు పదిహేడోది. ఒక ఊరివాళ్లు చేయించుకుంటున్న అమ్మవారి విగ్రహం పూర్తయింది. తెల్లవారితే ట్రాక్టరు వస్తుంది. నరసన్న ఆఖరిసారి ఉలి వెనకతో రాయిని తట్టి చూస్తాడు. ఎప్పుడూ కంచులా మోగే రాయి ఈసారి బొంగురుగా పలుకుతుంది. లోపల ఎక్కడో పగులుంది. ఆ సంగతి తెలిసింది అతనొక్కడికే. అధ్యాయం అక్కడ ఆగింది. ఫోను పక్కన పెట్టాను.

"తర్వాత?" అన్నాడు.

"ఏమంటివయ్యా?" అన్నాను. మళ్లీ అనలేదు. కానీ అన్నాడు. పొయ్యి మీద పప్పుంది. "రేపు చదువుతాలే" అని లేచాను.

జూన్ 15, ఆదివారం

చర్చి నుంచి రాగానే ఫోను తీశాను. యాప్ తెరిస్తే తెల్లటి తెర, నడుమ రెండు వాక్యాలు. 'పుస్తకసంచి సేవలు ముగిశాయి. ఇన్నేళ్లుగా ఆదరించినందుకు ధన్యవాదాలు.'

నాలుగుసార్లు ఆపి మళ్లీ వేశాను. ఆయన నా చేతులకేసి చూస్తూనే ఉన్నాడు.

"సిగ్నల్ లేదయ్యా" అన్నాను.

జూన్ 16, సోమవారం

బడి వదిలాక బస్టాండు దగ్గర జ్యోత్స్న నెట్ సెంటరుకు వెళ్లాను. నా దగ్గర పదో తరగతి సోషల్ చదివిన పిల్ల. ఆయన మెయిల్ తెరిపించాను. ప్రకటనలు పడే అరలో కంపెనీ ఉత్తరాలు మూడున్నాయి. మొదటిది మార్చి 14. ఆ రోజు ఆయన ఐసీయూలో ఉన్నాడు, నేను వరండాలో చాప మీద ఉన్నాను. 'జూన్ 14తో మా సేవలు ఆగిపోతున్నాయి. మీ పుస్తకాలను ఈలోగా చదువుకోగలరు.'

"డెబ్బై నాలుగు పుస్తకాలు మూన్నెల్లలో చదువుకోవాల్నా?" అన్నాను.

"మేడం, ఇది చూడండి" అని జ్యోత్స్న షరతులు తీసింది. 'కొనుగోలు' అన్న మాటకు అర్థం పుస్తకం మన సొంతం కావడం కాదట. యాప్ ఉన్నన్నాళ్లు చదువుకునే అనుమతి అట.

"మీట మీద ఏమని రాసినారు?"

"కొనండి అని."

"అనుమతి తీసుకోండి అని లేదే?"

"అట్ల రాస్తే ఎవురు నొక్కుతారు మేడం?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు గానీ ఒక సంగతి నన్ను బాగా పట్టుకుంది. ఇన్నేళ్లు ఆయన జేబులో డెబ్బై నాలుగు పుస్తకాలున్నాయని అనుకున్నాను. అవి ఆయన జేబులో ఎప్పుడూ లేవు. మరి ఎక్కడున్నాయి? హైదరాబాదులో ఏదో గదిలోనా? ఇప్పుడా గదిలో దీపం ఆర్పేశారా, లేక పుస్తకాలే చెరిపేశారా? చెరిపేస్తే ఎలా చెరుపుతారు? నలభై మంది పిల్లలకు రాజ్యాంగం చెబుతాను. ఈ మాత్రం తెలియదు.

జూన్ 18, బుధవారం

అన్నం సరిగా తినలేదు. ఎండలు ఇంకా తగ్గలేదు కదా.

జూన్ 19, గురువారం

ఒక పని చేశాను. ఫోను చేతిలో పట్టుకుని పద్దెనిమిదో అధ్యాయం చదివాను. అంటే కల్పించాను. నరసన్న పొద్దున్నే లేచాడు, ట్రాక్టరు వచ్చింది, ఊరిపెద్దకు నమస్కారం పెట్టాడు, అంటూ ఏదో చెప్పుకుపోయాను. మూడు నిమిషాలైందో లేదో, ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

నిద్ర వచ్చి ఉంటుంది.

జూన్ 20, శుక్రవారం

నిద్ర కాదు. కళ్లు తెరిచే ఉన్నాయి. నేను చూశాను.

జూన్ 24, మంగళవారం

జ్యోత్స్న, నేను కలిసి చేసినవి మరిచిపోకుండా రాసుకుంటున్నాను. ఆయన మెయిల్‌లో ఉన్న రసీదులన్నీ వెతికి ప్రింటు తీశాం. అరవై తొమ్మిది దొరికాయి. ఆ తెల్లటి తెరను ఫొటో తీశాం. షరతుల పేజీని కూడా దాచాం, రేపు అదీ మాయమైతే కష్టమని. కంపెనీలో ఫిర్యాదులు చూసే అధికారికి మెయిల్ పెట్టాం. నలభై ఎనిమిది గంటల్లో అందిందని చెప్పాలట, నెలలో తేల్చాలట, రూల్ ఉందట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి తెలుగులోనే ఓపికగా విని నంబరు ఇచ్చింది.

"మేడం, మీకు డబ్బు వాపసు కావాలా?" అని అడిగింది.

"పద్దెనిమిదో అధ్యాయం కావాలమ్మా" అన్నాను.

అవతల టైపు చేస్తున్న చప్పుడు వినబడింది. "వాపసు లేదా ఇతర పరిష్కారం అని రాసుకుంటాను" అంది.

ఇదంతా సూత్రం కోసం చేస్తున్నాను. కొన్నదాన్ని ఇలా లాక్కోవడం ఏమిటి? ఎవరో ఒకరు అడగాలి కదా.

జూన్ 26, గురువారం

కంపెనీ నుంచి జవాబు వచ్చింది. అందిందట. అంతే.

జ్యోత్స్న ఊరుకోలేదు, గ్రంథాలయంలో అడిగింది, కర్నూలులో పాత పుస్తకాల అంగడికి ఫోన్ చేసింది. 'ఎనిమిదో ఉలి' అచ్చులో రానే లేదు. ఫోనులోనే పుట్టి ఫోనులోనే పోయింది. రాసినవాడు మిగిలాడు కదా. ఆళ్లగడ్డ ఎంత దూరమని?

జూన్ 28, శనివారం

సెలవు పెట్టి, ఆయన దగ్గర వాళ్ల అక్క మేరీ వదినను కూర్చోబెట్టి ఆళ్లగడ్డ వెళ్లాను. "విగ్రహాల కథ కోసం ఇంత తిరుగుడు యాందే లూదియా?" అంది వదిన. బస్సుకు టైమైందని బయల్దేరాను.

బస్సు దిగి, రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కే ఒక పాకలో అడిగాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని మిషన్‌తో రాయి కోస్తున్న మనిషి మిషన్ ఆపాడు.

"జనార్దనం అంటే ఉలులమ్మే శెట్టా? కథలూ గిథలూ రాస్తాంటాడు, ఆయనేనా? ఆ సందులో పో."

పాత ఇనుప సామాన్ల అంగడి. సగం షట్టరు దించి ఉంది. గల్లా బల్ల వెనక ఎనభై ఏళ్ల పెద్దాయన, పక్కన ఆయన భార్య రాజేశ్వరమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. వచ్చిన పని చెప్పాను. పెద్దాయన కళ్లద్దాలు తీసి నా వైపు చూశాడు.

"నా పుస్తకం చదివినావా?"

"పదిహేడు అధ్యాయాలు చదివినాను. మిగతా ఐదు మీ దగ్గర ఉంటాయని వచ్చినాను."

"నా దగ్గర యాడుందమ్మా? నోటుబుక్కుల్లో రాసి హైదరాబాద్‌కు పంపిస్తి. టైపు చేసుకుంటామనిరి. నోటుబుక్కులు తిరిగి రాలే. ఫోన్లో ఉంది గదా, యాడికి పోతుంది అనుకుంటి. మొన్న మనవరాలు హర్షిణి ఫోన్ చేసి, తాతా, నీ పుస్తకం కనపడల్యా అనె."

నేను కొనుక్కున్నది పోయిందని వెళ్లాను. అక్కడ రాసుకున్నదే పోయింది. నేనూ ఒక గుప్పెడు చిక్కుడుకాయలు తీసుకుని ఒలవసాగాను.

"పోనీ, నరసన్న ఏం చేసినాడో చెప్పండి సార్. పగులు సంగతి చెప్పినాడా, లేదా?"

పెద్దాయన నోరు తెరిచి, ఆగి, "ఎవురి కోసం అడుగుతాండావ్?" అన్నాడు. అప్పుడు ఆయన పేరు చెప్పి, మిగతాదీ చెప్పాను. పక్షవాతం, 'తర్వాత' అన్న మాట, గోడవైపు తిరగడం. ఇవన్నీ బయటివాళ్లెవరికీ చెప్పలేదు ఇంతవరకు.

"దేవసహాయమా! నంద్యాల బస్సు కండక్టరు? చిల్లర లేదంటే, రేపిద్దువులే పో అనేటోడు?"

"ఆయనే."

"అయితే నీకు చెప్పను. ఆయప్పనే పిల్చుకోని రా. ఆయప్పకే చెప్తా."

"బస్సెక్కే స్థితిలో లేడు సార్."

"నడవలేడా?"

"పట్టుకుంటే నడుస్తాడు."

"మరింకేం?" అంది రాజేశ్వరమ్మ.

వచ్చేటప్పుడు ఆమె ఒక రేకు పెట్టె తెరిచి కంపెనీతో చేసుకున్న ఒప్పందం కాగితం తీసి ఇచ్చింది. బస్సులో చదివాను. తొమ్మిదో అంశం. 'సంస్థ తన సేవలను నిలిపివేసిన పక్షంలో టైపు చేసిన పూర్తి ప్రతిని రచయితకు అందజేయవలెను.' పెన్నుతో గీత గీశాను. సిరివెళ్ల దాటేదాకా మళ్లీ మళ్లీ అదే చదివాను.

జూలై 3, గురువారం

జనార్దనం గారి తరఫున ఉత్తరం తయారు చేసి, ఆళ్లగడ్డ పంపి, ఆయన సంతకంతో రిజిస్టర్ పోస్టులో వేయించాను. కొన్నవాళ్ల మాట వినకపోయినా రాసినవాడి హక్కు కాదనలేరు అంది జ్యోత్స్న. పిల్ల లాయరు కావాల్సింది.

జూలై 8, మంగళవారం

కంపెనీ నుంచి ఒక మగమనిషి ఫోన్ చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. మా అకౌంటులో ఉన్న పుస్తకాలన్నీ మాకు ఇవ్వడం కుదరదట, అవి ఎవరెవరివో రచయితలవట. జనార్దనం గారిది 'పరిశీలనలో ఉంది' అట.

"ఆ పుస్తకాలు మీ దగ్గర ఉన్నాయా, చెరిపేసినారా? అది చెప్పండి" అని అడిగాను.

"ఉన్నాయి మేడం."

ఉన్నాయి! ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ మాటే తలచుకున్నాను. ఎక్కడో ఒకచోట నరసన్న ఇంకా ఉలి పట్టుకుని నిలబడే ఉన్నాడు.

జూలై 10, గురువారం

వినియోగదారుల కమిషన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు సిద్ధం చేశాం. కొన్నది ఆయన కాబట్టి సంతకం ఆయనే చేయాలి. కుడిచేయి లేవదు. కాగితం చూపించి, "ఇది నీ పుస్తకాల కోసమయ్యా" అన్నాను. ఎడమచేత్తో పెన్ను తీసుకున్నాడు. 'దేవ' అని రాయడానికి పది నిమిషాలు పట్టింది. మిగతాది గీతలు గీతలుగా పోయింది. ఇది చెల్లుతుందా అని జ్యోత్స్నను అడిగాను. "పక్కన వేలిముద్ర కూడా వేయిద్దాం మేడం" అంది. వేలిముద్ర అనగానే ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ పెన్ను అడిగాడు. రెండోసారి పూర్తిగా రాశాడు.

జూలై 13, ఆదివారం

ఆళ్లగడ్డ పెద్దాయన రెండుసార్లు ఫోన్ చేశాడు. "యాడమ్మా, రాలేదే?" అని. ఎండ తగ్గనీ అన్నాను.

జూలై 15, మంగళవారం

ఎండ తగ్గింది. మబ్బు పట్టింది. వాన వస్తుందేమో అని ఆగాను.

జూలై 16, బుధవారం

ఇది నాకోసం రాసుకునేదే కాబట్టి రాస్తున్నాను. ఎండా కాదు, వానా కాదు. ఆ రూట్లో అందరికీ ఆయన తెలుసు. పరుగెత్తే బస్సును అందుకుని మెట్టు మీద నిలబడిన మనిషి, ఇప్పుడు మూతి పక్కన తుడుచుకోలేని మనిషి. జనం చూస్తే ఆయన బాధపడతాడని అనుకుంటూ వచ్చాను. ఆయన్ని అడిగానా? అడగలేదు.

ఈ రోజు అడిగాను. "ఆళ్లగడ్డకు పోదామా? ఆ పుస్తకం రాసినాయన చెప్తాడంట."

నేను మాట పూర్తి చేసేలోగా ఎడమకాలు మంచం మీంచి దించాడు.

జూలై 19, శనివారం

వెళ్లొచ్చాం. ఒళ్లంతా నొప్పులు. అయినా రాయాలి.

బస్సెక్కించడానికి నేనూ, బస్సు కండక్టరు జీవన్ కుమారూ చెరో వైపు పట్టుకున్నాం. జీవన్ ఈయన చేతికింద పని నేర్చుకున్నవాడట. "అన్నా, నీ సీటు ఖాళీగానే ఉందిలే" అని ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఒకామె మాత్రం వెనక్కి తిరిగి, "బాగుండావా అన్నా?" అంది. ఈయన తలూపాడు. ఇందుకా నేను మూడు వారాలు భయపడింది?

జనార్దనం గారు అంగడి ముందు కుర్చీ వేసి ఎదురు చూస్తున్నాడు. మజ్జిగ తాగాక మొదలుపెట్టాడు. పదిహేడో అధ్యాయం చివర్నుంచి, ఆ రాయి బొంగురుగా పలకడం నుంచి. గొంతు చిన్నదే గానీ చెబుతుంటే అంగడి ముందు పోయేవాళ్లు కూడా ఆగారు.

"నరసన్న తెల్లార్లూ నిద్రపోల్యా. కోడి కూసేటప్పుడు లేసినాడు. పెద్ద సుత్తి తీసుకున్నాడు. తన చేత్తో చేసినదాన్ని తన చేత్తోనే పగలగొట్టినాడు. ట్రాక్టరు వచ్చేసరికి కొత్త రాయి ముందర కూర్చోనుండాడు."

"అది కాదు" అంది రాజేశ్వరమ్మ.

"ఏది కాదు?"

"మీరు రాసింది అది కాదు. మర్చిపోతాండారు. రోజూ రాసింది నాకు చదివి వినిపించలేదా? నరసన్న నోరు మూసుకోని ట్రాక్టరెక్కిస్తాడు. ఆ తర్వాత ఏటా జాతరకు పోయి, విగ్రహం నిలబడుండాదా లేదా అని చూసొస్తాంటాడు."

"అది మొదట రాసింది. కొట్టేసినా గదా!"

"కొట్టేయలే. కొట్టేస్తానంటే నేనే వద్దంటి."

"నా కథ నాకు తెలీదా?"

"తెలిస్తే బుక్కు పోగొట్టుకుంటారా?"

వాళ్లిద్దరూ అలా వాదించుకుంటూ ఉండగా నేను ఈయన వైపు చూశాను. పెదవులు కదులుతున్నాయి. మెడ నరాలు బిగుసుకున్నాయి. ఫిట్సేమో అనుకున్నాను. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు.

"రాయి..." అన్నాడు.

అందరం ఆగిపోయాం.

"రాయి... పగల్లే."

మళ్లీ చాలాసేపు ఏమీ లేదు. జనార్దనం గారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "చెప్పప్పా. తొందరేం లేదు, నిదానంగా చెప్పు."

"పగిలింది... రాయి కాదు." ఎడమచెయ్యి ఎత్తి తన చెవి మీద పెట్టుకున్నాడు. "వాని... చెవి."

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఈయన లెక్కలో, ముప్పై ఏళ్లు ఉలి దెబ్బలు విన్న నరసన్నకు వినికిడి తగ్గింది. రాయి కంచులాగే మోగింది. అతని చెవికే బొంగురుగా వినబడింది. ఒట్టి అనుమానంతో, బాగున్న విగ్రహం ముందు కూర్చుని తెల్లారేదాకా ఏడ్చాడు.

నెల రోజులుగా గోడవైపు తిరిగి ఆయన ఇదే ఆలోచిస్తున్నాడా?

జనార్దనం గారు కళ్లద్దాలు తీసి పంచెతో తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "ఈ మాట నాకు రాసేటప్పుడు యాడికి పోయిందప్పా!" అన్నాడు చివరికి.

"ఇదే బాగుండాది" అంది రాజేశ్వరమ్మ. "ఆ రెండిటికన్నా ఇదే బాగుండాది."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఈయన నా భుజం మీద నిద్రపోయాడు. నాకు నిద్ర రాలేదు. అసలు పుస్తకంలో ఏముందో? ఇప్పుడు ముగ్గురు మూడు చెప్పారు. అచ్చంగా రాసినది ఏది? అది తెలియకపోతే నాకు మనసు ఊరుకునేలా లేదు. సూత్రం కోసమని జూన్‌లో రాసుకున్నాను గానీ, సూత్రం ఏమీ కాదు. నాకు ఈయన కావాలి, ఆ పుస్తకమూ కావాలి.

ఆగస్టు 6, బుధవారం

కమిషన్‌లో ఫిర్యాదు నమోదైంది. వాయిదా నవంబరులో.

ఆగస్టు 21, గురువారం

రోజుకు నాలుగైదు మాటలు. ఈ రోజు, "ఉప్పు తక్కువ" అన్నాడు. నాలుగు నెలల నుంచీ తక్కువే వేస్తున్నాను, డాక్టరమ్మ చెప్పిందని. నాలుగు నెలలు ఓర్చుకున్నాడన్నమాట.

ఆగస్టు 30, శనివారం

మధ్యాహ్నం జ్యోత్స్న ఇంటికే వచ్చింది, చేతిలో స్పైరల్ బైండింగు చేసిన కట్టతో. కంపెనీ 'ఎనిమిదో ఉలి' పూర్తి ప్రతిని జనార్దనం గారికి మెయిల్ చేసింది. హర్షిణి దాన్ని జ్యోత్స్నకు పంపిందట. మిగతా డెబ్బై మూడు పుస్తకాల సంగతి వాళ్లేమీ చెప్పలేదు. అది నవంబరులో చూసుకుంటాం. రసీదులన్నీ అట్టపెట్టెలో ఉన్నాయి.

జ్యోత్స్న మూడు ప్రతులు తీసింది. ఒకటి ఆళ్లగడ్డకు, ఒకటి మాకు, ఒకటి తన దగ్గర దాచుకుంటుందట. "ఒకే చోట ఉంచకూడదు మేడం" అంది.

మంచం పక్కన కూర్చుని పద్దెనిమిదో అధ్యాయం తీశాను. చదివాను.

పెద్దాయన చెప్పినదీ కాదు, ఆమె చెప్పినదీ కాదు. పుస్తకం రాసి ఎనిమిదేళ్లయింది, ఇద్దరూ మరిచిపోయారు. నరసన్న ఊరివాళ్లందరి ముందూ పగులు సంగతి చెప్పేస్తాడు. ట్రాక్టరు వెంట వచ్చిన ఒక ముసలామె విగ్రహం చుట్టూ తిరిగి చూసి, 'ఎన్నాళ్లు నిలబడుతుందప్పా ఇది?' అంటుంది. తెలీదంటాడు నరసన్న. 'మేమైనా ఎన్నాళ్లు నిలబడతాం? ఎక్కించు' అంటుంది.

నాకు చాలా నచ్చింది. ఆయన వైపు తిరిగి, "ఎట్లుందయ్యా?" అన్నాను.

ఆలోచించాడు. "ఫోన్" అన్నాడు.

"ఎవరికి?"

"శెట్టికి... చెయ్."

నంబరు కలిపి ఎడమచేతికి ఇచ్చాను. పక్కనే ఉంటే నావైపు చూసి నన్నే చెప్పమంటాడని వంటింట్లోకి వచ్చేశాను. గిన్నెలు కడగడం మొదలుపెట్టాను.

"అన్నా... నేను... దేవసహాయం" అంటున్నాడు ముందు గదిలో. "ముసలామె... బాగుంది. కానీ..." తర్వాత ఏమీ వినపడలేదు. అవతల పెద్దాయన తొందరపెట్టకుండా ఆగినట్టున్నాడు. "కానీ అన్నా... చెవి సంగతి..."

కుళాయి కట్టేసి, తడి చేతులతోనే తలుపు పక్కన నిలబడ్డాను. పన్నెండు నిమిషాలు మాట్లాడాడు.